రష్యన్ మాటల మీద ఎర్ర గీతలు

నేను రష్యన్ నేర్చుకున్నది భాష మీద ప్రేమతో కాదు, కుర్చీ మీద ప్రేమతో. చిత్తూరు నుంచి పూతలపట్టు పోయే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. పన్నెండేళ్ళుగా అందులో ఎగుమతి కాగితాలు చూస్తున్నాను. ఏ దేశానికి ఏ డ్రమ్ములు పోవాలి, ఏ డ్రమ్ముకు ఏ లేబులు, ఏ కాగితం మీద ఎవరి సంతకం, ఇదీ నా పని. ఆ ఏడు జనవరిలో మా యజమాని గదిలోకి పిలిచి, కాగితాల పని మొత్తం చెన్నై ఆఫీసుకు మారుస్తున్నానని చెప్పాడు.

"ఈ సీజను అయిపోతానే మారుస్తామమ్మా. నువ్వూ ఆడికి రావచ్చు. నేనేం వద్దనడంలే" అన్నాడు.

మా ఆయన చిత్తూరు కోర్టులో గుమాస్తా. అమ్మాయి తొమ్మిదో తరగతి. నేను చెన్నై పోవడమంటే ఒక సంసారానికి రెండు ఊళ్ళలో పొయ్యి వెలిగించడమే. అది మా యజమానికీ తెలుసు. మంచివాడో, లెక్క తెలిసినవాడో, పన్నెండేళ్ళుగా నాకు తేలలేదు గానీ, ఆ రోజు ఒక సందు మాత్రం వదిలాడు. మా గుజ్జు కొనే రష్యావాళ్ళు ఏటా జూన్‌లో ఫ్యాక్టరీ చూడటానికి వస్తారు. వాళ్ళకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ప్రతిసారీ చెన్నై నుంచి ఒక దుబాసీ వచ్చేవాడు, మామిడి టెంకకూ తొక్కకూ తేడా తెలియని మనిషి.

"వాళ్ళ మాటలో మాట్లాడే మనిషి ఈడ ఒకరుంటే ఆ ఒక్క కుర్చీ ఈడే పెట్టుకుంటా. జూన్‌లో వాళ్ళకు నువ్వే ఫ్యాక్టరీ తిప్పి సూపియ్యి. సూస్తాను" అన్నాడు.

"నేర్చుకుంటాను సార్" అన్నాను. నాకప్పుడు ముప్పైతొమ్మిదేళ్ళు. అయిదు నెలల్లో ఒక భాష. గది బయటికి వచ్చాక ముందు నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది.

ఫోన్లో ఒక యాప్ దించుకున్నాను. అది మూడు వారాల పాటు ఎవరో యాపిల్ పండు తింటున్నారని నా చేత చెప్పించింది. మా ఫ్యాక్టరీలో లోపలికి పోయేముందు జేబులు కూడా తడుముతారు, ఎవరూ ఏదీ తినడానికి లేదు. నాకు కావలసిన డ్రమ్ము, టెంక, తొక్క, నాణ్యత దాని పాఠాల్లో ఎప్పటికి వస్తాయో తెలియలేదు. విసుగొచ్చి తీసేశాను.

దారి చూపింది మా ఆయనే. కోర్టు క్యాంటీన్లో ఎవరో చెబితే విని వచ్చాడు. "తిరుపతిలో ఒక మామి ఉండాదంట. రష్యావాళ్ళు తేరు చూడను వచ్చి పూలకాడ బేరం తెగక నిలబడుకోనుంటే, ఈమె పోయి వాళ్ళ మాటలోనే గలగలా మాట్లాడి తెంపేసిందంట" అన్నాడు. తిరుపతిలో అయ్యంగార్ల ఇంటి పెద్దామెను వీధి వీధంతా మామి అనే పిలుస్తుంది. వెతుక్కుంటూ పోయి నేనూ అలాగే పిలిచాను.

మామికి డెబ్భై దగ్గర పడి ఉంటాయి. ఆమె పంతులమ్మ కాదు. పెళ్ళయిన కొత్తలో భర్త ఉద్యోగం ఉత్తరాన ఒక ఉక్కు కర్మాగారంలో. ఆ కాలనీలో పక్కింట్లో రష్యన్ ఇంజనీరు కుటుంబం ఉండేది. ఆ ఇంజనీరు భార్యకు తెలుగు రాదు, మామికి రష్యన్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. రెండిళ్ళ పెరటి వాకిళ్ళు ఎదురెదురు. ఆరేళ్ళు కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, ఒకరి ముఖం ఒకరు చూస్తూ మాట్లాడుకున్నారు. అక్షరాలు మామికి చివర్లో వచ్చాయి. మాట ముందే వచ్చేసింది.

"మా పక్కింటామె ఎట్లంటే నేనూ అట్లనేదాన్ని. అంతే. అదొక విద్యనా?" అనేది.

కానీ నేర్పడంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది, అది పుట్టింటిది. వాళ్ళ నాయన కోవెలలో పాశురాలు చెప్పే గోష్ఠిలో ఉండేవాడట. ఇంట్లో పిల్లలకు నేర్పేవాడు. ఆయన ఒకసారి అంటాడు, పిల్లలు రెండుసార్లు అనాలి. దానికి సంత చెప్పడం అని పేరు. చేతిలో పుస్తకం ఉండకూడదు. ఆడపిల్ల కాబట్టి మామిని కూర్చోబెట్టలేదు. వంటింట్లో ఉండి విన్నది, వచ్చేసింది.

"పుస్తకం పట్టుకున్నోడు గోష్ఠిలో వెనక వరసలో నిలబడాల. నువ్వు యాడ నిలబడతావో నువ్వే చెప్పు" అన్నది మొదటి ఆదివారమే, నా చేతిలో నోటుబుక్కు చూసి.

నాకు ఒళ్ళు మండింది. నేను గోష్ఠిలో నిలబడటానికి రాలేదు, కుర్చీలో కూర్చోవడానికి వచ్చాను. అయినా నోటుబుక్కు సంచిలో పెట్టేశాను. నాలుగు ఆదివారాలు ఆమె ఒకసారి అంటే నేను రెండుసార్లు అన్నాను. పొద్దున చిత్తూరులో బస్సెక్కి, పూతలపట్టు, చంద్రగిరి దాటుకుని తిరుపతిలో దిగేసరికి పోయిన వారం పాఠం సగం జారిపోయేది. తిరిగి ఇల్లు చేరేసరికి ఆ రోజుది సగం జారేది.

ఇక్కడ రష్యన్ సంగతి ఒకటి చెప్పాలి. ఆ భాషలో ప్రతి మాటకూ ఒకచోట గొంతు బరువు పడుతుంది. అక్కడ ఒత్తి పలకాలి, మిగతాచోట్ల తేల్చేయాలి. ఒత్తు చోటు తప్పితే తెలిసిన మాటే తెలియని మాటవుతుంది. ఆ చోటు ఏదో అచ్చు పుస్తకాల్లో ఉండదు. చదువుకునేవాళ్ళ కోసం వేసే పుస్తకాల్లో మాత్రం అక్షరం మీద చిన్న గీత పెడతారట. రష్యావాళ్ళకు ఆ గీత అవసరం లేదు, వాళ్ళు పుట్టుకతో విన్నారు. మరి నేనెక్కడ వినాలి, చిత్తూరు బస్టాండులోనా? మన రాతలో దీర్ఘం పలకాలంటే దీర్ఘం రాసి ఉంటుంది. పలికేది కంటికి కనబడకపోవడం నాకు మోసంలా అనిపించింది.

అయిదో ఆదివారం గీతలు పెట్టమని అడిగాను. మామి ఒప్పుకోలేదు.

"గీత పెడితే కన్ను చదువుతాది, చెవి పండుకుంటాది" అన్నది.

"వారానికి ఒక్కరోజు నా చెవి మీ దగ్గరుంటుంది మామీ. మిగతా ఆరు రోజులు నాకు కన్నే దిక్కు. జూన్ వచ్చేస్తోంది. కుర్చీ పోతే నేను చెన్నైలో ఉండాలి, నా బిడ్డ ఇక్కడుండాలి" అన్నాను. కొంచెం ఏడుపు కూడా కలిపాను. అది నిజం ఏడుపే, కానీ సమయం చూసి వదిలిన ఏడుపు.

మామి లేచి లోపలికి పోయి, ఎవరో మనవలు వదిలిపోయిన ఎర్ర పెన్సిలు తెచ్చుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఆదివారాల తీరు మారిపోయింది. ఫ్యాక్టరీ తిప్పి చూపించే మాటలన్నీ నేను ముందే తెలుగులో రాసుకుపోయేదాన్ని. లారీ వచ్చే గేటు, కాయలు కడిగే చోటు, ఆడవాళ్ళు కోసే బల్లలు, గుజ్జు నింపే గది. మామి ఒక్కో వాక్యం రష్యన్‌లో చెప్పేది, యాప్ పుణ్యమా అని వచ్చిన రష్యన్ అక్షరాల్లో నేను రాసేదాన్ని. తర్వాత ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో మాట దగ్గర ఆగేది. పెదాల్లో అనుకునేది. వేళ్ళ మీద లెక్కపెట్టేది. గీత పెట్టేది. ఒక్కోసారి పెట్టిన గీత చెరిపి పక్క అక్షరం మీద పెట్టేది. మొదట్లో పావుగంటలో అయ్యే పని పోను పోను గంట పట్టింది. నోటితో చెప్పించుకునే వేళ తగ్గిపోయింది.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పోయి ఎర్ర గీత ఉన్నచోటల్లా తెలుగులో దీర్ఘం పెట్టి రాసుకున్నాను. కాగితాలు వంటింట్లో డబ్బాలకు అంటించాను. ఇడ్లీ రేకులు కడుగుతూ టెంక గురించి, చీర మడతపెడుతూ తొక్క గురించి రష్యన్‌లో ఉపన్యాసం ఇచ్చేదాన్ని. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నవ్వేది. మా ఆయన నవ్వేవాడు కాదు, చెన్నైలో అద్దెలు ఎంతో కనుక్కుంటూ ఉండేవాడు. ఆ గీతలే లేకపోతే నేను ఏప్రిల్లోనే చేతులెత్తేసి ఉండేదాన్ని. ఈ మాట ఇప్పటికీ అంటాను.

ఒక ఆదివారం జరిగింది మాత్రం చెప్పకుండా ఉండలేను. మామి ఏదో మాటల్లో పడి, పక్కింటామె బట్టల కొట్లో ఎలా గీచి గీచి బేరమాడేదో చెబుతోంది. ఆవిడ గొంతు పెట్టి రష్యన్‌లో ఒక వాక్యం అన్నది. అందులో నాణ్యత అనే మాట వచ్చింది. మామి నోట అది 'కాచిస్త్వ' అని పలికింది. నా నోటుబుక్కులో గీత 'చే' మీద ఉంది, నేను వారాలుగా 'కచేస్త్వ' అని వల్లిస్తున్నాను.

"మామీ, గీత ఇక్కడ కదా ఉంది" అని బుక్కు ముందుకు తోశాను.

మామి బుక్కు చూసింది. మెల్లగా అలా ఒకసారి, ఇలా ఒకసారి అనుకుంది. ముఖంలో ఏదో అయింది. "రాసినానంటే అదే అయుంటుంది లే" అన్నది చివరికి. పక్కింటామె కథ అక్కడితో ఆగిపోయింది. నేను నిశ్చింతగా 'కచేస్త్వ' అన్నాను. మనిషి ఎదురుగా కూర్చుని నోరారా చెబుతుంటే, ఆ మనిషి తడబడుతూ గీసిన గీతను నమ్మాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం ఇదే.

జూన్ రెండో వారంలో రష్యావాళ్ళు వచ్చారు. జుట్టు నెరిసిన కొనుగోలుదారు ఒకాయన, నాణ్యత చూసే ముప్పై ఏళ్ళావిడ ఒకరు. గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. మా యజమాని కొత్త చొక్కా వేసుకుని నాలుగడుగుల వెనక నడిచాడు. ఆయనకు రష్యన్‌లో ఒక్క ముక్క రాదు, కానీ ముఖాలు చదవడం బాగా వచ్చు.

గేటు దగ్గర, కాయలు కడిగే చోట నా నోరు బాగానే ఆడింది. కళ్ళ ముందు నోటుబుక్కు పేజీలు తిరుగుతున్నాయి, ఎర్ర గీత కనబడగానే ఒత్తుతున్నాను. కోసే బల్లల దగ్గరికి వచ్చాక టెంక గురించి చెప్పాను. ఆవిడ తల పక్కకు వాల్చింది, అర్థం కాలేదని. టెంక చేత్తో తీసి చూపించాను. "ఓ!" అని ఆ మాటే మరోలా అన్నది. నాలుగడుగులు పోయాక మా సరుకు నాణ్యత గురించి పెద్ద వాక్యం ఎత్తుకున్నాను. ఆ మాట దగ్గర ఆవిడ మళ్ళీ ఆగిపోయింది. పెద్దాయన వంక చూసింది. ఆయన భుజాలెగరేశాడు. నేను మళ్ళీ అన్నాను, ఈసారి ఇంకా గట్టిగా ఒత్తి. తప్పును గట్టిగా అంటే ఒప్పవుతుందని ఎవరు చెప్పారో నాకు.

ఆవిడకు వెలిగింది. "కాచిస్త్వ!" అన్నది నవ్వుతూ.

బట్టల కొట్టు వాక్యంలో మామి అన్నది సరిగ్గా ఇదే. ఈ ఎత్తు, ఈ విరుపు. మామి నోటికి అంతా తెలుసు. చేతికి తెలియదు. ఆగి ఆలోచించి చూపించమన్న చోట ఆమె తప్పింది, ఆగమన్నది నేను. టెంక కూడా అంతే అయి ఉంటుంది. మరి మిగతావాటిలో ఏది గీత, ఏది నిజం? నోటుబుక్కు పేజీలు కళ్ళ ముందు నుంచి మాయమయ్యాయి. డ్రమ్ములు నింపే గది గుమ్మంలో, యజమాని చూస్తుండగా, నోరు తెరిచి నిలబడిపోయాను. చెన్నై అద్దెలు గుర్తొచ్చాయి.

ఏం తోచక డ్రమ్మును వేలితో చూపించి ఆవిడ ముఖం వైపు చూశాను. ఆవిడ ఆ మాట అన్నది. నేను రెండుసార్లు అన్నాను. మూతను చూపించాను. ఆవిడ అన్నది, నేను రెండుసార్లు అన్నాను. ఆవిడకు ఇదేదో సరదాగా ఉన్నట్టుంది, తానే ముందు నడుస్తూ ఒక్కోటి చూపించి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో నాకు తెలిసిన సంగతులు, ఈ కాయ ఏ ఊరిది, ఈ ఏడు వాన ఎప్పుడు పడింది, విరిగిన ముక్కల్లో చెప్పాను. ఆవిడ ఆ ముక్కలు అతికించి నాకే తిరిగి వినిపించింది. పెద్దాయన వెనక నుంచి పగలబడి నవ్వుతున్నాడు. గంటన్నరలో మామూలుగా చూపించే దానికి రెండింతలు చూశారు.

వాళ్ళ కారు పోయాక యజమాని నన్ను పిలిచాడు.

"ఏమ్మా, నువ్వు వాళ్ళకు సెప్పినట్టు లేదే. వాళ్ళే నీకు పాఠం సెప్పినట్టుండాది."

"అవును సార్" అన్నాను. దాచడానికి ఏమీ మిగల్లేదు.

ఆయన కుర్చీలో కాళ్ళు చాచుకున్నాడు. "దుబాసీ తిప్పినప్పుడు అరగంటకే కారెక్కేవాళ్ళు. ఈసారి నన్నే నిలబెట్టి కాళ్ళు పీకించినారు. ఆయమ్మ ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాదంట, నీతోనే మాట్లాడతాదంట. కుర్చీ ఈడే ఉండనీలే" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పాయసం చేసుకున్నాం. నాకు సంతోషంగా ఉంది. దాన్ని తక్కువ చేసి చెప్పను.

ఆదివారం తిరుపతి పోయాను. కుర్చీ నిలిచిందని చెబితే మామి రెండు చేతులూ పట్టుకుంది. కాఫీ ఇచ్చింది. ఏమేం అడిగారో, ఏమేం చెప్పానో అన్నీ విన్నది. తప్పిన మాటల సంగతి నేను ఎత్తలేదు. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని ఆలోచించి, అసలు చెప్పకుండా దాటేద్దామని చంద్రగిరి దగ్గరే నిర్ణయించుకున్నాను.

"ఇక గీతలు వద్దు మామీ. ఫోన్లో మాట్లాడాలి, అక్కడ కాగితం పనికి రాదు. మొదట్లో చెప్పినట్టు నోటితోనే చెప్పండి" అన్నాను.

మామి ముఖం విప్పారింది. "అప్పుడే చెప్పినానా లేదా?" అని సర్దుకుని కూర్చుంది. ఫోన్లో మొదట ఏమడుగుతారు, పోయిన సరుకు నాణ్యత ఎలా ఉందని కదా, అదే ఎత్తుకుందాం అన్నది. వాక్యం మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. అదే చోట మళ్ళీ ఆగింది. కుడిచేయి పక్కన చాప మీద పెన్సిలు కోసం తడుముతోంది. ఆ సంగతి ఆమెకు తెలియడం లేదు.

'కాచి' అని పెదాల్లో అనుకుంది. 'కచే' అనుకుంది. తల అడ్డంగా ఊపింది.

"ఇంతకుముందు మాట పట్టుకుంటే మా పక్కింటామె గొంతు వినిపిస్తా ఉండె నాకు. ఆమె అన్నట్టే అనేసేదాన్ని. ఇప్పుడు మాట తలుచుకుంటే నీ నోటుబుక్కు అగుపిస్తాది" అన్నది. ఫిర్యాదుగా అనలేదు. మామూలుగానే చెప్పింది.

ఆ పక్కింటామె దేశం వెళ్ళిపోయాక ఉత్తరం లేదు, ఫోను లేదు. బతికి ఉందో లేదో మామికి తెలియదు. ఫోటో కూడా లేదని ఒకసారి చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆమె దగ్గర మిగిలింది ఆ గొంతు ఒక్కటే. నా కుర్చీ కోసం దాని మీద వారం వారం ఎర్ర పెన్సిలు పెట్టించినది నేను. గీతలు సాయం చేశాయా అని ఎవరైనా అడిగితే, చేశాయి, నాకు.

"యాడ ఒత్తాల, అమ్మాయ్? నువ్వు వాళ్ళ నోట విన్నావు కదా" అని అడిగింది మామి.

"కాచిస్త్వ" అన్నాను. రష్యా ఆవిడ ఎలా అన్నదో అలాగే, నాకు చేతనైనంత బాగా అన్నాను.

మామి కళ్ళు మూసుకుని విన్నది. ఇంకొకసారి అనమన్నది. అన్నాను. మామి కళ్ళు తెరిచింది.

"ఆఁ, అదే సరి. కానీ ఇది నీ గొంతమ్మా" అన్నది.